మొగ కొట్టిన రోజు

పలాసలో నా ఆఫీసు జీడిపప్పు దుకాణం పైనున్న మేడగది. బోర్డు మీద పర్యావరణ, విద్యుత్ చట్టాల న్యాయవాది అని రాయించాను. దాన్ని చదివి మెట్లెక్కేవాళ్లలో సగం మంది మీటరు ఊరికే తిరిగేస్తోందనీ బిల్లు ఎక్కువొచ్చిందనీ మొరపెట్టుకోవడానికి వస్తారు. తక్కినవాళ్లలో చాలామంది పప్పు కొనడానికి వచ్చి దారి తప్పినవాళ్లు. మా అమ్మ కూడా నేను కరెంటాఫీసులో పనిచేస్తున్నానని చుట్టాలకి చెప్పుకునేది. మొదట్లో కోపమొచ్చేది. ఇప్పుడు నన్నెవరైనా నువ్వు చేసే పనేమిటని అడిగితే నేనే ఒక్క క్షణం ఆలోచిస్తాను.

ఇంత తికమక నాకు ముందునుంచీ లేదు. బొగ్గు చెడ్డది, ఎండ మంచిది అని గట్టిగా నమ్మినదాన్ని. కాలేజీలకు పిలిస్తే వెళ్లి అదే చెప్పేదాన్ని. మా డాబా మీద సోలార్ పలకలు పెట్టించి, వీధిలో వాళ్లని పిలిచి చూపించాను. అలాంటిదాన్ని ఒక సోలార్ కంపెనీ మీదే కేసు వేయాల్సొస్తుందని ఎవరైనా చెప్పుంటే నవ్వి పంపేసేదాన్ని.

ఆ కేసు తెచ్చింది ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె ఉద్దానంలో వరి, కొబ్బరి పండించే రైతింటి మనిషి. రెండో ఆమె అక్కడికి దగ్గర్లోనే, సముద్రం ఒడ్డున ఉన్న చేపలవాళ్ల ఊరి మనిషి. బారువ నుంచి ఎండుచేపలు తెచ్చి గంపలో పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంది. మొదటామెని అత్తా అన్నాను, రెండో ఆమెని అప్పా, అంటే అక్కా, అన్నాను. అప్పటికి వరసలు కలపడమే నాకు తెలిసిన మర్యాద. ఇప్పటికీ వాళ్లు నాకు అత్త, అప్పలే.

వాళ్ల రెండు ఊళ్లకీ మధ్యన బీల ఉంది. బీలంటే వానాకాలం నీళ్లు నిలిచే పల్లపు నేల. ఎండాకాలం గొడ్లు మేస్తాయి, వానల్లో పక్షులు దిగుతాయి. చుట్టూ అంచుల్లో వరి వేస్తారు. కాగితాల్లో మాత్రం అది బంజరు. కంపెనీ అందులో ఒక మూల మట్టి పోసి ఎత్తు చేసి, కంచె వేసి, పలకలు పాతడం మొదలుపెట్టింది. ఆ మట్టి వల్ల నీరు పోయే దారి మూసుకుపోయి వరి మునుగుతుందని అత్త బాధ. కంచె వల్ల గంప నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కే అడ్డదారి పోయిందని అప్ప బాధ. సోలార్‌కి పెద్దగా అనుమతులు అక్కర్లేదని చట్టమే వదిలేసింది. నాకు దొరికిన పట్టు ఒక్కటే, అది నీళ్ల నేల అని నిరూపించడం.

అఫిడవిట్ రాసే రోజే నాకు మొదటి చిక్కొచ్చింది. మీతో పాటు కేసు వేస్తున్నావిడ పేరు చెప్పమని అత్తనడిగాను. ఆమె పక్కనే కూర్చున్న అప్ప వంక చూసి ఊరుకుంది. మళ్లీ అడిగాను.

"మా నేస్తం" అంది అత్త.

"అది నాకూ తెలుసత్తా. పేరు కావాలి."

"పేరెలాగ సెప్తానమ్మా? నేస్తం కట్టుకున్నాం గదా."

అప్పనడిగినా అదే జవాబు. చిన్నప్పుడు అమ్మవారి ముందు ఒకరికొకరు పసుపు రాసుకుని, తమలపాకులు మార్చుకుని నేస్తం కట్టారట. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరు వచ్చి ఏదైనా అడిగితే రెండోవాళ్లు లేదనరు. అందుకని ఊరికే అడగరు కూడా. నేను విసుక్కుని ఆధార్ కార్డులు చూసి రాసుకున్నాను. మా ఊళ్లో ఇద్దరక్కచెల్లెళ్లు ఆస్తి కోసం ఒకరి పేరు ఒకరు కోర్టులో ఎన్నిసార్లు పలికారో తలచుకుంటే, వీళ్లని చూసి నవ్వాలో ఈర్ష్య పడాలో తెలియలేదు.

చెన్నైలో ఉన్న హరిత ట్రిబ్యునల్‌లో మా కేసు నిలబడింది. అక్కడ వాదించింది మా సీనియర్ లాయరు. నేను ఇక్కడి నుంచి కాగితాలు, ఫోటోలు పంపేదాన్ని. కేసు తేలేవరకూ ఆ నేలలో రెండు పక్షాలూ యథాతథ స్థితి పాటించాలని ఉత్తర్వు వచ్చింది. పలకలు పాతడం ఆగిపోయింది. నాకు రెక్కలొచ్చినట్టయింది. ఆ వారమే ఊరికి వెళ్లి, అరుగుల మీదా మంచాల మీదా కూర్చున్నవాళ్లందరికీ విడమరిచి చెప్పాను. ఎక్కడున్నవి అక్కడే ఉండాలి, ఎవరూ ఏమీ కదపకూడదు అన్నాను.

వాళ్లు విన్నారు. మన జిల్లాలో కోర్టు మాటని ఇంత నిష్ఠగా విన్నవాళ్లని నేనింతవరకూ చూడలేదు. గాలికి ఒక తాటిచెట్టు విరిగి బీల దారికి అడ్డంగా పడితే, దాన్ని తీయకుండా అందరూ దాటుకుంటూ నడిచారు. ఒకాయన ఫోన్ చేసి గొడ్లని తోలొచ్చా అని అడిగాడు. తోలండి బాబూ అన్నాను. పేడ ఎత్తొచ్చా అన్నాడు. నేను నవ్వాను. టెక్కలి కోర్టులో బార్ అసోసియేషన్ గదిలో అందరికీ చెప్పి నవ్వించాను కూడా.

ఉడుపులు అయ్యాయి. వరి బాగా లేచింది. తర్వాత, పంట పొట్ట మీదుండగా వాన పట్టుకుంది. మా వైపు ఆ తుఫాను నెలల్లో వాన పడితే ఎవరికీ కుదురుండదు. అందరూ సముద్రం వంకే చూస్తారు.

ఇక్కడ మొగ గురించి చెప్పాలి. బీల నీరంతా ఒక గెడ్డలో, అంటే వాగులో, కలిసి సముద్రంలోకి పోతుంది. ఆ గెడ్డ సముద్రంలో కలిసేచోటు మొగ. కెరటాలు ఇసక తెచ్చి పోసి మొగని మూసేస్తుంటాయి. బీలలో నీళ్లు పెరిగినప్పుడు ఆ ఇసక కట్టకి గండి కొట్టాలి. రైతుల ఊరి నుంచి ఒక ఆడమనిషి చేటలో బియ్యం, పసుపు పట్టుకుని చేపలవాళ్ల ఊరికి వెళ్లి అడగాలి. అక్కడివాళ్లు గంగమ్మకి దండం పెట్టుకుని మొదటి పార వేస్తారు. ఇసక వాళ్లది, నీళ్లు వీళ్లవి. అడక్కుండా రైతులు పార పట్టుకెళ్లడం వాళ్ల లెక్కలో దొంగతనం కిందే వస్తుంది. కొన్నేళ్లుగా ఆ చేట పట్టుకెళ్లేది అత్త, అందుకునేది అప్ప. ఇదంతా నాకు అప్పటికి తెలియదు. పిటిషన్‌లో మొగ అన్న మాటే లేదు.

వాన పట్టిన మర్నాడు ఉదయం అత్త ఫోన్ చేసింది.

"అమ్మా, మొగ కొట్టొచ్చా?"

నాకు ముందు ప్రశ్నే అర్థం కాలేదు. మొగంటే ఏమిటో ఆమె విడమరిచి చెప్పాక అడిగాను. "మరి ఇంకా ఎందుకు కొట్టలేదత్తా? నీళ్లు పెరుగుతున్నాయి కదా."

"కదపొద్దన్నావు గదమ్మా."

కదపొద్దన్నది కంపెనీని. మట్టిని, కంచెని, పలకల్ని. కానీ ఉత్తర్వు తీసి చదివితే రెండు పక్షాలూ అని ఉంది, ఆ నేల, దాని నీటి దారులు అని ఉంది. నీటి దారులు అన్న ముక్క ఉండాలని పట్టుబట్టింది మేమే. మొగ నీటి దారా, కాదా? నీటి దారి కాకపోతే ఇంకేమిటి?

అది ఒక ముడి. రెండో ముడి ఇంకా గట్టిది. ట్రిబ్యునల్ వేసిన తనిఖీ కమిటీ మర్నాడే రావాలి. కంపెనీ పోసిన మట్టి వల్ల బీల మునుగుతోందా లేదా అన్నది కళ్లారా చూడ్డానికి. మా కేసంతా ఆ నీళ్ల మీదే నిలబడి ఉంది. మొగ కొడితే నీళ్లు పోతాయి. కమిటీ వచ్చేసరికి బురద మిగులుతుంది. కొట్టకపోతే నీళ్లుంటాయి, కేసుంటుంది, వరి ఉండదు.

సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన రెండో మాట లేకుండా చెప్పాడు. ఏమీ ముట్టుకోవద్దు, కమిటీ కళ్లకి నీళ్లు కనపడాలి, ఇంతకంటే మంచి సాక్ష్యం మళ్లీ దొరకదు అన్నాడు. పంట సంగతేమిటని అడిగాను. ఒక పంట పోతే నష్టపరిహారం అడుగుదాం, కేసు పోతే బీలే పోతుంది అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పు దొరికుంటే నాకు బాగుండేది.

రేపటిదాకా ఆగండని అత్తతో చెప్పాను. సరేనమ్మా అంది. ఆ సరే నాకు నచ్చలేదు. నాతో పోట్లాడుంటే నేనూ పోట్లాడుదును.

మర్నాడు పొద్దున్నే రెయిన్‌కోటు వేసుకుని స్కూటీ మీద బయల్దేరాను. సుమ్మాదేవి దాటేదాకా వాన ఆగలేదు. ఉద్దానంలోకి వచ్చాక జీడితోటల్లో దారి ఎర్రటి కాలవైపోయింది. బండి ఒకరింటి చూరు కింద పెట్టి నడిచాను. అత్త పొలం గట్టు మీద నిలబడి ఉంది. పొలం కనపడటం లేదు. వరి కొసలు మాత్రం నీళ్ల మీద అక్కడక్కడా పైకి తేలి ఉన్నాయి. ఆమె ఒక కొస పట్టుకుని పైకి లాగి, పొట్ట విప్పి నాకు చూపించింది. లోపల కంకి తెల్లగా, లేతగా ఉంది.

"ఈ పొద్దుకి బాగానే ఉన్నాదమ్మా. రేపటికి కుళ్లిపోద్ది" అంది.

"కమిటీ వాళ్లు మధ్యాహ్నం వస్తారత్తా. చూసి వెళ్లగానే కొట్టేయండి."

"నువ్వెలాగంటే అలాగే."

నాకు ఒళ్లు మండిపోయింది. "అన్నిటికీ నన్నడుగుతారేమిటి? పొలం మీది కాదా?" అని అరిచాను. ఆమె నా వంక జాలిగా చూసింది. నాకు బాగాలేదేమో అనుకున్నట్టుంది. కొంగు తీసి నా మొహమ్మీది నీళ్లు తుడిచింది.

ఇద్దరం మొగ దగ్గరికి నడిచాం. అక్కడ ఇసక కట్ట దున్నపోతు వీపులా ఎత్తుగా ఉంది. ఇటు గెడ్డ నీళ్లు ఎర్రగా, నిండుగా, కదలకుండా ఉన్నాయి. అటు సముద్రం. మధ్యలో నాలుగు అంగలేస్తే దాటేంత ఇసక. ఒడ్డుకి లాగి పెట్టిన పడవల పక్కన, తాటాకుల పందిరి కింద అప్ప కూర్చుని ఉంది. ఆమె వెనక కొందరు మగవాళ్లు బీడీలు కాల్చుకుంటున్నారు. పారలు పడవకి ఆనించి ఉన్నాయి.

నేను అప్ప దగ్గరకెళ్లాను. "మీరంతా ఇక్కడెందుకు కూర్చున్నారప్పా?" అన్నాను.

"మా నేస్తం అడుగుద్దేమోనని."

"అడిగితే?"

"అడిగితే కొట్టాల. కోర్టు నేదు, గీర్టు నేదు. అడగనేదు మరి. మీ మాట మీదుంది."

అత్త నాకు కొంచెం దూరంలో ఆగిపోయింది. చంకలో ఏదో పట్టుకుని, మీద ప్లాస్టిక్ సంచీ కప్పి ఉంది. అది చేట అని నాకప్పుడు తెలిసింది. బియ్యం తడవకుండా పొద్దుట్నుంచీ అలా పట్టుకునే తిరుగుతోంది. ఆ ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూసుకోవడం లేదు. చూసుకుంటే అడిగినట్టవుతుందని కాబోలు.

అప్పుడే ఫోన్ మోగింది. సీనియర్. దారిలో కల్వర్టు మీంచి నీళ్లు పారుతున్నాయట, కమిటీ ఈ రోజు రావడం లేదట. వాన తగ్గాక వస్తారు, ఎప్పుడన్నది చెప్పలేదు. "వాళ్లు ఎప్పుడొచ్చినా నీళ్లు ఉండాలి. పరిస్థితి ఉన్నదున్నట్టు ఉంచు" అన్నాడు.

బీల మునిగిందో లేదో చూడాల్సినవాళ్లు, నీళ్లు ఎక్కువగా ఉన్నాయని రాలేదు. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. అప్ప కంగారుగా లేచి నిలబడింది.

"ఏటయిందమ్మా?"

చెప్పాను. అందరూ నా నోటివంకే చూస్తున్నారు. కొట్టండి అంటే కోర్టు ఉత్తర్వుని కాలదన్నమని నా క్లయింట్లకి నేనే చెప్పినట్టు. న్యాయవాదిగా నాకున్న సన్నదు పోవచ్చు. అంతకంటే, బీల పోవచ్చు. వద్దు అంటే ఆ లేత కంకి నీళ్లలో కుళ్లుతుంది. బీలని కాపాడ్డం అత్త కోసమే అయితే, అత్త వరి ముంచి కాపాడటం ఏం కాపాడటం? కానీ ఈ ఒక్క పంట కోసం బీల వదిలేస్తే, వచ్చే ఏడాది అత్త వరి ఎక్కడ వేస్తుంది? ఇటునుంచి చూస్తే ఇటు నిజం, అటునుంచి చూస్తే అటు నిజం. ఇన్ని చట్టాలు చదివాను. నాకు ఏడుపొచ్చింది. వానలో ఎవరికీ తెలియదులే అనుకున్నాను.

అత్తకి తెలిసింది. దగ్గరకొచ్చి నా భుజం పట్టుకుంది.

"లాయరమ్మా, నువ్వు అటు తిరిగి నిల్సో."

"ఎందుకు?"

"కోర్టోలు రేపు నిన్నడుగుతారు గదా. సూసీవా అంటారు. సూడకపోతే నీ తప్పేటి? తిరుగమ్మా."

భుజం పట్టుకుని ఆమే నన్ను తిప్పింది. నేను తిరిగాను. ఎందుకు తిరిగానో, తిరగడం ఔనన్నట్టా కాదన్నట్టా, ఈ రోజుకీ నాకు తెలియదు. సముద్రం నా వెనక్కి వెళ్లింది. ఎదురుగా బీల. దూరంగా కంచె, నీళ్ల మధ్య ఎత్తు చేసిన మట్టి మీద నిలబడ్డ సోలార్ పలకలు. వాటి వెనక మహేంద్రగిరి ఉండాలి, మబ్బులో కనపడలేదు. పలకల మీద వాన పడుతోంది. ఎండ కోసం పెట్టినవి, పాపం, తడుస్తున్నాయి. నాకు వాటి మీద కూడా జాలేసింది.

నా వెనక అత్త గొంతు వినపడింది. "నేస్తం, మొగ కొట్టాలి."

చేట చేతులు మారిన చప్పుడు, పడవకి ఆనించిన పారలు లాగిన చప్పుడు. ఎవరో గంగమ్మని తలచుకున్నారు. పార ఇసకలో దిగితే పెద్దగా చప్పుడు రాదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత గిన్నె వొలికినట్టు చిన్న ధార. అది పెద్దదైంది. ఇసక విరిగి పడుతుంటే కాళ్ల కింద నేల అదిరింది. నా ముందు, అంతసేపూ కదలకుండా ఉన్న ఎర్ర నీరు మెల్లగా నా పక్కనుంచి నడవడం మొదలెట్టింది. ఒక గడ్డిపోచ దాని మీద తేలుతూ నన్ను దాటిపోయింది.

"అయిపోనాదమ్మా. ఇంక తిరుగు" అంది అత్త.

కమిటీ వాన వెలిశాక వచ్చింది. వాళ్లు చూసినప్పుడు బీలలో బురద, అంచుల్లో పచ్చటి వరి ఉన్నాయి. నీటి నిల్వ కనిపించలేదని రాశారు. వాళ్లు రాసింది అబద్ధం కాదు. వాయిదా రోజు కంపెనీ లాయరు ఆ వాక్యం చదివి, పిటిషనర్లే మొగ తెంచారని కూడా అన్నాడు. నేను పలాసలో కంప్యూటర్ ముందు కూర్చుని వీడియోలో విచారణ వింటున్నాను. జడ్జిగారు నన్నే నేరుగా అడిగారు, మొగ తెంచడం మీరు చూశారా అని.

"చూడలేదు" అన్నాను.

నిజమే చెప్పాను. ఇంత నిజం చెప్పి ఇంత సిగ్గుపడటం నాకదే మొదలు. సీనియర్ చాలారోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఆయనే ఫోన్ చేసి, మొగ సంగతి పిటిషన్‌లో చేర్చమన్నాడు, ఏటా గండి కొట్టుకునే నీళ్ల నేల బంజరెలా అవుతుందని వాదిద్దామన్నాడు. మంచి వాదనే. నెగ్గుతుందో లేదో ఆయనకీ తెలియదు. కేసు ఇంకా నడుస్తోంది. ఉత్తర్వు ఇంకా అలాగే ఉంది, రెండు పక్షాలూ అన్న మాటతో సహా. దాన్ని సవరించమని వేసిన దరఖాస్తు వాయిదాల్లో ఉంది. తాటిచెట్టు దారికి అడ్డంగానే ఉంది. ఊరికి వెళ్లినప్పుడు నేనూ దాన్ని దాటుకునే నడుస్తాను.

నూర్పులయ్యాక అత్త, అప్ప కలిసి ఆఫీసుకి వచ్చారు. ఒకామె కొత్త బియ్యం మూట, ఒకామె ఎండు నెత్తళ్ల చేపల పొట్లం తెచ్చారు. మెట్లెక్కే ముందు కింద దుకాణంలో పప్పు బేరమాడి, ధర నచ్చక తిట్టుకుంటూ పైకొచ్చారు. గెలిచామా అమ్మా అని అత్త అడిగింది. తెలియదత్తా అన్నాను. పోనీలే అని, నా బల్ల మీది కాగితాలు పక్కకి జరిపి మూట పెట్టింది. ఆ బియ్యం వండుకున్న రోజున నా డాబా మీది పలకల కరెంటుతోనే కుక్కర్ పెట్టాను. ముద్ద నోట్లో పెట్టుకుని, నేనెవరి తరఫున తింటున్నానో అనుకున్నాను.

ఈ ఏడాది మళ్లీ వాన పట్టింది. రెండు రోజుల నుంచి మేడమెట్ల మీద నీళ్లు. ఇవాళ మధ్యాహ్నం అత్త ఫోన్ చేసింది. మొగ కొట్టొచ్చా అని అడగలేదు. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

"అమ్మా, ఎటు తిరిగి కూకున్నావు?" అంది.

నా కుర్చీ కిటికీ వైపు ఉంది. కిటికీలోంచి తూర్పున, ఉద్దానం మీద మబ్బు నల్లగా దిగి కనపడుతోంది. నేను లేచి కుర్చీ తిప్పుకున్నాను.

"గోడవైపు, అత్తా."

"అలాగే ఉండు. సాయంత్రం ఫోన్ సేత్తాను."

సాయంత్రం ఆ ఫోన్ వచ్చేదాకా నేను ఇటు తిరగలేదు.